తాతగారి కిల్టు, 34 జీన్స్ కొలత

గ్లాస్గోలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక పాఠకుడికి ఈ ఏడాది రెండుసార్లు పెళ్లి, ఒకే అమ్మాయితో. ఆగస్టులో శ్రావణ ముహూర్తానికి విజయవాడలో ఒకటి, అక్టోబరు చివర్లో స్టర్లింగ్ దగ్గర అమ్మాయి వాళ్ల ఊళ్లో ఇంకొకటి. మొదటిదానికి పట్టుపంచె సిద్ధంగా ఉంది. చిక్కంతా రెండోదానితో వచ్చింది. కాబోయే మామగారు పెట్టెలోంచి వాళ్ల నాన్నగారి కిల్టు (స్కాట్లాండు మగవాళ్లు నడుముకు చుట్టుకునే, మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల బట్ట) తీసి ఈయన చేతిలో పెట్టి, "నువ్వు కట్టుకుంటే మా నాన్న పెళ్లికి వచ్చినట్టే ఉంటుంది" అన్నారట. 8 గజాల బరువైన ఉన్ని కిల్టు. ఆ పెద్దాయన ఆరడుగుల మనిషి. మన పాఠకుడు 5 అడుగుల 6 అంగుళాలు, "కాస్త బొజ్జ కూడా ఉంది" అని ఆయనే రాశారు. ఊపిరి బిగబట్టి చివరి చిల్లుకు పట్టీ పెట్టాల్సి వచ్చింది, దాని నడుము 37 దగ్గరే ఆగుతుందట. పొడవేమో రెండున్నర అంగుళాలు ఎక్కువై మోకాలిచిప్పను పూర్తిగా కప్పేసి ఇంకా కిందికి దిగింది.

మామగారిని నొప్పించకుండా తప్పించుకుందామని ఈయన ఆన్‌లైన్‌లో ఇంకొకటి తెప్పించారు. జీన్స్ సైజు 34 కాబట్టి 34 పెట్టారు, పొడవు 24 అని ఉంది. అది బొడ్డు దగ్గర అసలు పట్టలేదు. జీన్స్ నిలిచేచోట కడితే పట్టింది కానీ ముందు వేలాడి వెనక పైకి లేచింది. ఫొటో కూడా జత చేశారు. బొడ్డు దగ్గర టేపు పెడితే 38 వచ్చిందట, "టేపు తప్పేమో" అని అనుమానం. విజయవాడ నుంచి అమ్మగారి సలహా: "ఆగస్టులో వచ్చేటప్పుడు పట్టుకురా, మన టైలరు ఒక్క పూటలో కింద కత్తిరించి కుట్టేస్తాడు." దానికి తోడు మోకాళ్లు కనబడే బట్టలో కొడుకును చుట్టాలకు ఎలా చూపించాలన్న బెంగ ఆవిడది. అమ్మాయికి ఒక తమ్ముడున్నాడు, ఆరడుగుల పైమాటే. తాతగారి కిల్టు గురించి అతను ఇంతవరకు ఏమీ అనలేదు. "కిందకు ఎంత రావాలి, నడుము ఎక్కడ కట్టాలి, ఆ కిల్టును నాకు సరిపోయేలా చేయించవచ్చా, చేయించకూడదంటే మామగారికి ఏమని చెప్పాలి?" ఇవీ ఆయన ప్రశ్నలు. చివర్లో సిగ్గుపడుతూ ఇంకొకటి అడిగారు, దాని దగ్గరకూ వస్తాను.

జవాబు

మీ ఉత్తరంలో కొలత గొడవ ఒకటి, మామగారి మనసు సంగతి ఒకటి కలిసిపోయి ఉన్నాయి. కొలత తేలకుండా ఆయనతో మాట్లాడితే మొహమాటంగా సాగుతుంది, మీరు వద్దంటున్నారనే వినబడుతుంది. అంకెలు చేతిలో పెట్టుకుని మాట్లాడితే అది బట్ట గురించిన మాటగా నిలుస్తుంది. అందుకని టేపుతో మొదలుపెడదాం.

మీ టేపు తప్పు చెప్పలేదు. జీన్స్ మీద రాసి ఉండేది మీ నడుము కొలత కాదు. జీన్స్ బొజ్జ కింద, తుంటి ఎముకల మీద నిలుస్తాయి. పైగా కంపెనీలు వేసే అంకెకూ అసలు బట్ట చుట్టుకొలతకూ మధ్య అంగుళం రెండంగుళాల తేడా మామూలే. కిల్టు ఉండాల్సింది పెద్దవాళ్లు పంచెను బొడ్డు మీదకు బిగించి కట్టేచోట. కిల్టు పట్టీలు బొడ్డు ఎత్తున పడతాయి, పై అంచు అక్కడినుంచి ఇంకో 2 అంగుళాలు పైకి, పక్కటెముకల దరిదాపుల దాకా వెళ్తుంది. ఆ పై 2 అంగుళాలను రైజ్ అంటారు. ప్యాంటు అలవాటున్న మగవాళ్లకు మొదట్లో ఇది మరీ ఎత్తుగా అనిపిస్తుంది, వేళ్లు తమంతట అవే కిల్టును కిందికి లాగేస్తాయి. కిల్టు పొడుగైందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే: బట్ట పొడవు సరిగానే ఉంటుంది, కట్టడం రెండు మూడు అంగుళాలు కిందికి కట్టి ఉంటారు.

మీ ఫొటోలో జరిగిందీ అదే. పై అంచు బొజ్జ కిందికి జారితే ముందు భాగమంతా దానితోపాటు దిగుతుంది. వెనక పిరుదులు ఆపుతాయి కాబట్టి అక్కడ దిగదు. దాంతో కింది అంచు ముందు పల్లంగా, వెనక ఎత్తుగా కనిపిస్తుంది. 34 కిల్టును 38 నడుముకు తెచ్చే ఆల్టరేషన్ లేదు. బకిల్సు జరిపితే ఎంతో కొంత కలిసొస్తుంది కానీ 4 అంగుళాలు రావు. దాన్ని తిరిగి పంపించేయండి, గడువు దాటితే అమ్మేయండి.

ఇప్పుడు సరైన కొలతలు. ఒక్కరే తీసుకోవద్దు. టేపు చూడడానికి తల వంచగానే నడుము వంగుతుంది, పొడవు అంగుళం దాకా తేడా వచ్చేస్తుంది. అమ్మాయిని గానీ స్నేహితుణ్ణి గానీ పిలవండి. పల్చటి చొక్కా మీద, జేబులు ఖాళీ చేసుకుని, ఎదురుగా గోడమీద ఏదో ఒక గుర్తును చూస్తూ నిలబడండి. మొదటిది నడుము: బొడ్డు ఎత్తున, టేపు నేలకు సమాంతరంగా, పొట్ట లోపలికి లాగకుండా, ఊపిరి వదిలి. టేపు ఒంటిని ఆనుకోవాలి, కండలోకి దిగకూడదు. రెండోది సీటు: పిరుదులు అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట. మీకు బొజ్జ ఉందన్నారు కాబట్టి, ఆ ఎత్తులో ముందు పొట్ట కూడా కలుస్తుందేమో చూసి దాన్నీ కలిపే కొలవాలి. పై నడుము నుంచి సీటు గీత దాకా నిలువుగా ఎంత దూరమో అదీ రాసుకోండి, మీ ఎత్తు వాళ్లకు 7 అంగుళాల పైచిలుకు ఉంటుంది. చాలామంది దీన్ని వదిలేస్తారు. తాతగారి కిల్టు విషయంలో అసలు మెలిక అక్కడే ఉంది.

పొడవు కోసం చెప్పులు విడిచి గట్టి నేలమీద, తివాచీ లేనిచోట, రెండు మోకాళ్ల మీద నిటారుగా నిలబడండి. బొడ్డు ఎత్తు నుంచి నేల దాకా, పొట్ట మీదుగా కాకుండా పక్క నుంచి కొలవాలి. వచ్చినదాంట్లోంచి 1 అంగుళం తీసేయండి. అదే మీ కిల్టు పొడవు. మోకరిల్లితే అంచు నేలకు అంగుళం ఎత్తులో తేలాలన్నది స్కాట్లాండు సైన్యంలో చూసుకునే పాత లెక్క, ఇప్పటికీ అంతకంటే నమ్మకమైనది లేదు. లేచి నిలబడ్డాక ఆ అంచు మోకాలిచిప్ప పై అంచుకూ నడిమికీ మధ్య ఎక్కడో పడుతుంది. మీకు నేల దాకా 23 వస్తే పొడవు 22. చిప్ప పై అంచు దగ్గర ఆగినా సరే, నడిమి దాకా వచ్చినా సరే, ఆ అంగుళం మీ ఇష్టం. పొట్టిగా ఉన్నవాళ్లు పై అంచుకు దగ్గరగా పెట్టుకుంటే కాళ్లు పొడుగ్గా కనబడతాయి. చిప్ప పూర్తిగా మునిగిపోతే మాత్రం కిల్టు బరువుగా, ఎరువు తెచ్చుకున్నట్టుగా కనిపిస్తుంది. బాగా పైకి పోతే కూర్చున్నప్పుడు తొడలు బయటపడతాయి. పెళ్లి రాత్రి కేలీ డ్యాన్సులుంటాయి కదా, అందరూ కలిసి ఆడే స్కాట్లాండు జానపద నృత్యాలు, అందులో స్ట్రిప్ ది విల్లో లాంటివాటిలో గిర్రున తిప్పేస్తారు, కుచ్చిళ్లు అమాంతం లేస్తాయి. అప్పుడు తెలుస్తుంది ఆ అంగుళం విలువ.

ఒక హెచ్చరిక. "పొడవు 24" అని రాసినచోట ఆ 24 ఎక్కడినుంచి ఎక్కడికో అడగకుండా కొనకండి. కొందరు పట్టీ నుంచి కింది అంచు దాకా లెక్కేస్తారు, రైజ్ విడిగా ఉంటుంది. కొందరు పై అంచు నుంచే లెక్కేస్తారు. అదే అంకెకు ఇద్దరి బట్టల మధ్య 2 అంగుళాలు తేడా వస్తుంది. రెడీమేడ్‌గా ఎక్కువగా దొరికేది 24. అది సగటు కంటే కొంచెం పొడుగు మనిషిని దృష్టిలో పెట్టుకున్న కొలత, పట్టీ నుంచి లెక్కేసి ఉంటే మీకు ఎలా కట్టినా పొడుగే.

ఇక తాతగారి కిల్టు. మీ అమ్మగారి సలహాలో ఉన్న ఇబ్బంది టైలరు పనితనం గురించి కాదు. మంచి కిల్టుకు కింద మడిచి కుట్టిన అంచు ఉండదు. మగ్గం మీద నేసినప్పుడే గట్టిగా వచ్చిన నేత అంచే కిల్టు కింది అంచు. అందుకే 8 గజాల కిల్టుకు వెడల్పు బట్టను 4 గజాలు తీసుకుని నిలువునా రెండు చేసి, రెంటినీ జతచేసి కుడతారు, అంచు అంతటా కిందికే వచ్చేలా. దాన్ని కత్తిరిస్తే మడిచి కుట్టాలి. 8 గజాల ఉన్ని, ఒక్కో కుచ్చిలిలో పొర మీద పొర. ప్రతి పొరకూ మడత తోడైతే కింద మొద్దుగా ఉబ్బి, కుచ్చిళ్లు కత్తి అంచులా మూసుకోకుండా విచ్చుకుంటాయి. ఇంకో సంగతి, కిల్టు బట్ట మీదుండే గళ్ల నమూనాను టార్టన్ అంటారు, ఒక్కో వంశానికి ఒక్కోటి ఉంటుంది. ఆ టార్టన్ గళ్లలో కింది అంచు ఏ గీత దగ్గర ఆగాలో కుట్టినాయన చూసుకుని పెట్టి ఉంటాడు. రెండున్నర అంగుళాలు కోస్తే గడి మధ్యలో తెగుతుంది. విజయవాడ టైలరనే కాదు, ఎడింబరో టైలరు చేసినా ఇదే జరుగుతుంది. కింది అంచును ఎవరి చేతా ముట్టించకండి.

కిల్టు పొడవు తగ్గించాలంటే పైనుంచి తగ్గించాలి. అది ఎంత పనో తెలిస్తే మామగారితో మాట్లాడడం సులువవుతుంది. వెనక కుచ్చిళ్లు నడుము నుంచి సీటు దాకా కుట్టేసి ఉంటాయి, అక్కడినుంచి కింద వదులుగా వేలాడతాయి. కుట్టిన ఆ పై భాగాన్ని ఫెల్ అంటారు. మొత్తం పొడవులో దాదాపు మూడోవంతు. ఫెల్ నడుము దగ్గర సన్నగా, సీటు దగ్గర వెడల్పుగా ఉంటుంది, ఆ తేడా అంతా పాతికకు అటూఇటూ ఉండే కుచ్చిళ్లలో తలా కొంచెం పంచి కుడతారు. పైనుంచి రెండున్నర అంగుళాలు తీస్తే నడుము గీత కిందికి దిగుతుంది, దానితో సీటు గీతా దిగాలి. అంటే పై పట్టీ, లోపలి కాన్వాసు, అస్తరు, మూడు బకిల్ పట్టీలు అన్నీ విప్పి, ప్రతి కుచ్చిలినీ చేత్తో మళ్లీ కుట్టాలి. కొత్త కిల్టు కుట్టినంత కాకపోయినా అందులో సగం పైన పని. కుచ్చిళ్ల లోపల నడుము దగ్గర లావు తగ్గడానికి చాలామంది మేకర్లు బట్టను ముందే కత్తిరించి ఉంచుతారు. మీకోసం ఇంకా కింద కోత పడితే దాన్ని మళ్లీ పొడుగు చేయడం ఉండదు.

ఇప్పుడు మీ బావమరిది గుర్తుకు రావాలి. ఆరడుగుల తాతగారి కిల్టు ఆరడుగుల మనవడికి ఉన్నపళంగా సరిపోతుంది. అతను ఏమీ అనలేదని రాశారు. అనకపోవడాన్ని ఒప్పుకోవడం కింద జమకట్టుకోకండి. కోత పెట్టే హక్కు మీ ఒక్కరికే లేదు, బహుశా మామగారి ఒక్కరికీ లేదు.

కోత లేకుండా ఎంతవరకు నెట్టుకురావచ్చో చూద్దాం. మామగారు ఒప్పుకుంటే కిల్టును 1 అంగుళం పైకి ఎత్తి కట్టవచ్చు. బకిల్సునూ పట్టీలనూ విప్పి అంగుళం కిందికి దించి కుడితే చాలు, తరువాత మళ్లీ పైకి కుట్టుకోవచ్చు, బట్టకు నష్టం లేదు. రైజ్ 2 అంగుళాలకు బదులు 3 అవుతుంది. సైనికుల కిల్టులు అలా ఎత్తుగానే ఉంటాయి, పైన వెయిస్ట్‌కోటు వేస్తే ఎవరికీ కనబడదు. ఆరడుగుల మనిషి ఫెల్ 8 అంగుళాల దాకా ఉంటుంది, మీకు కావలసింది 7 పైచిలుకు. కాబట్టి అంగుళం ఎత్తితే సీటు గీత కూడా దాదాపు మీ సీటు మీదకే వస్తుంది. అక్కడితో ఆపాలి. రెండున్నర అంగుళాలూ ఎత్తేస్తే కుట్టు మీ పిరుదుల పైనే అయిపోతుంది, వదులు కుచ్చిళ్లు వెడల్పైన చోట మొదలై, ఎవరో లోపలినుంచి లాగినట్టు విచ్చుకుంటాయి. పైగా పై అంచు రొమ్ము కిందికి వచ్చేస్తుంది, కూర్చుంటే పొడుచుకుంటుంది.

అంగుళం ఎత్తినా ఇంకా అంగుళంన్నర మిగులుతుంది, నడుము 37 దగ్గరే ఆగుతుంది. నడుము పెద్ద సమస్య కాదు. బకిల్సు జరిపితే అంగుళం అంగుళంన్నర దొరుకుతుంది. మరీ ఎక్కువ జరిపితే ఏప్రన్, అంటే ముందు కుచ్చిళ్లు లేకుండా చదునుగా ఉండే భాగం, ఒక పక్కకు పోయి గళ్ల నడిమి గీత బొడ్డు కిందికి రాదు. పొడవు మాత్రం చిప్పను కప్పుతూనే ఉంటుంది. అమ్మాయికీ మామగారికీ అది నచ్చితే, ఫొటోల్లో అలా కనబడడానికి మీరు సిద్ధపడితే, కట్టుకోండి, తప్పేమీ లేదు. పాత కిల్టు కట్టుకున్న పెళ్లికొడుకుని మోకాళ్లు కొలిచి చూసే స్కాట్లాండు వాళ్లు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. మిగతావాళ్లు ఆ కిల్టు ఎవరిదో అడుగుతారు.

నా మొగ్గు వేరే వైపుంది, చెబుతాను. తాతగారి పెట్టెలో కిల్టుతోపాటు స్పోరాన్ ఉండి ఉంటుంది, ముందు వేలాడే ఆ తోలు సంచి. కిల్టు పిన్ను ఉండవచ్చు, బెల్టు బకిల్ ఉండవచ్చు. వీటికి ఎత్తుతో పనిలేదు. స్పోరాన్ గొలుసు ఎవరి నడుముకైనా సర్దుకుంటుంది, పై అంచు బెల్టు బకిల్ కింద బెత్తెడు దిగువకు పడేలా పెట్టుకుంటే చాలు. అదే టార్టన్‌లో మీ కొలతకు కిల్టు సంపాదించి, దానిమీద తాతగారి స్పోరాన్, పిన్ను పెట్టుకుంటే మామగారి మాట నిలబడుతుంది, కిల్టు బావమరిదికి చెక్కుచెదరకుండా మిగులుతుంది. అక్కడి పెళ్లిళ్లలో వధూవరుల చేతులను టార్టన్ గుడ్డతో కలిపి ముడివేసే హ్యాండ్‌ఫాస్టింగ్ చాలాచోట్ల చేస్తున్నారు. ఆ గుడ్డ వాళ్ల టార్టన్‌ది పెట్టించమని అడగండి. కొంగుముడి తెలిసిన మీ అమ్మగారికి ఆ ఘట్టం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ గుడ్డ కోసం తాతగారి కిల్టును చించవద్దని ప్రత్యేకంగా చెప్పాలా? బట్ట విడిగా దొరుకుతుంది.

అయితే మీ కొలతకు కిల్టు ఎలా సంపాదించాలి? అద్దె అన్నిటికంటే చవక, అన్నిటికంటే నిశ్చింత. అద్దె దుకాణంలో కిల్టు, జాకెట్టు, మేజోళ్లు, బూట్లు కలిపి ఇస్తారు, పెళ్లికి ముందు వేసి చూపిస్తారు, సరిపోకపోతే వేరే సైజు తెస్తారు. లోటు ఏమిటంటే వాళ్ల దగ్గరున్న టార్టన్లలోంచే ఎంచుకోవాలి, అమ్మాయి వాళ్లది దొరుకుతుందన్న హామీ లేదు. దొరక్కపోతే బ్లాక్ వాచ్ లాంటిది కట్టుకోవచ్చు, అది అందరిదీ. ఫలానా టార్టన్ ఫలానావాళ్లే కట్టాలన్న చట్టమేదీ లేదు. స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టన్స్ పనిచేసేది నమోదుకే. మామగారే తమ టార్టన్ కట్టుకోమన్నాక ఇక మీకు ఆ శంక అక్కర్లేదు.

కొలతకు కుట్టించుకుంటే జీవితాంతం ఉంటుంది. చేత్తో కుట్టిన 8 గజాల ఉన్ని కిల్టుకు 500 పౌండ్ల పైమాటే అనుకోండి, గడువు రెండు మూడు నెలలు అడిగే మేకర్లున్నారు. మీకున్న సమయానికి ఈ నెలలోనే ఆర్డరు పడాలి. బట్ట బరువు అడుగుతారు. గజానికి 16 ఔన్సులది బాగా వేలాడుతుంది, కుచ్చిళ్లు గాలికి లేవవు, డ్యాన్సులో ఉక్కపోస్తుంది. 13 ఔన్సులు మధ్యస్థం, మీలాంటి అవసరానికి చాలు. బొజ్జ ఉన్న సంగతి మేకరుకు దాచకండి. ముందు ఏప్రన్‌ను కొంచెం వెడల్పు చేసి, ముందు పై అంచును కొంచెం దించి కోస్తే కింది అంచు చుట్టూ ఒకే ఎత్తులో నిలుస్తుంది. చెప్పకపోతే బొజ్జ మీదుగా పోయే బట్ట ముందు అంచును పైకి లాగేస్తుంది. 5 గజాల కిల్టు ఖర్చు తక్కువే కానీ కుచ్చిళ్లు లోతు తక్కువ. 38 నడుము చుట్టూ అవి ఇంకా పల్చబడతాయి. తోటలో విందుకు ఫర్వాలేదు, పెళ్లికొడుక్కి నేను చెప్పను.

ఏది కట్టినా సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి. లోపలి ఏప్రన్ కుడి నుంచి ఎడమకు వస్తుంది, దాని పట్టీ ఎడమ పక్క చీలికలోంచి బయటకు వచ్చి బకిల్‌కు తగులుతుంది. దాన్ని బయటి ఏప్రన్ కంటే అర అంగుళం ఎత్తుగా పెట్టండి, లేకపోతే కింద తొంగిచూస్తుంది. బయటి ఏప్రన్ ఎడమ నుంచి కుడికి వచ్చి రెండు పట్టీలతో ముడిపడుతుంది. పై పట్టీలు గట్టిగా ఉండాలి, రెండు వేళ్లు దూరితే చాలు, ఎందుకంటే బరువంతా అవే మోస్తాయి. కుడి పక్క కింద, సీటు దగ్గరున్న మూడో పట్టీ మాత్రం ఏప్రన్‌ను చదునుగా ఉంచడానికే. చాలామంది దాన్నీ బిగించేస్తారు, వెంటనే వెనక కుచ్చిళ్లు విచ్చుకుంటాయి. కుడి పక్క, బయటి ఏప్రన్‌కు పోగులు వేలాడే అంచు నిట్టనిలువుగా దిగాలి. కింద తెరుచుకుని లోపలి ఏప్రన్ కనబడుతుంటే సీటు బిగువైందన్నమాట. వెనకనుంచి ఎవరినైనా చూడమనండి. కుచ్చిళ్లు పిరుదుల కింద లోపలికి ముడుచుకుపోతుంటే సీటు వదులైంది. పిన్ను బయటి ఏప్రన్‌కే గుచ్చాలి. రెండు పొరలకూ కలిపి గుచ్చితే అడుగు వేసినప్పుడల్లా లాగి, బట్ట చిరుగుతుంది.

జాకెట్టు మామూలు సూటుది వేయకండి, కిల్టు మీద అది చొక్కా కింద గౌను వేసినట్టు కనిపిస్తుంది. కిల్టు జాకెట్లు పొట్టిగానే కోస్తారు. వెయిస్ట్‌కోటు వేస్తే బెల్టు మానేయండి.

అమ్మగారి మోకాళ్ల బెంగకు కొలతతోనే జవాబు చెప్పవచ్చు. మేజోళ్లు మడిచాక మోకాలిచిప్ప కింద రెండు మూడు వేళ్ల వెడల్పు దాకా వస్తాయి. బయట కనబడేది చిప్పా, దాని కింద కొంచెం కాలూ. లుంగీ ఎగగట్టిన మనిషికి అంతకంటే ఎక్కువ కనబడుతుంది. కూర్చునేటప్పుడు వెనక చేత్తో కుచ్చిళ్లను కిందికి సవరించి కూర్చోవడం ఇంట్లో నాలుగుసార్లు సాధన చేయండి, అలవాటు లేనివాళ్లు అక్కడే దొరికిపోతారు. మీరు సిగ్గుపడుతూ అడిగినది, లోపల ఏమైనా వేసుకోవాలా అన్నది: అద్దె కిల్టయితే నిక్షేపంగా వేసుకోండి, అది మర్యాద. సొంతదైతే మీ ఇష్టం, కానీ కేలీ ఉందన్న సంగతి మరోసారి గుర్తుచేస్తున్నాను.

మామగారి దగ్గరకు "వద్దు" అనే మాట పట్టుకుని వెళ్లవద్దు. తాతగారి కిల్టు తీసుకుని ఆయన్నే వెంటపెట్టుకుని ఒక కిల్టు మేకరు దగ్గరకు వెళ్లండి, వీలైతే బావమరిదిని కూడా. వెళ్లేముందు ఆ కిల్టును కిటికీ వెలుగులో పరిచి చిమ్మట చిల్లులున్నాయేమో, పట్టీల తోలు పగిలిందేమో చూడండి. కింద కోస్తే ఏమవుతుందో, పైన కోస్తే ఏమవుతుందో మేకరు నోటితోనే ఆయన్ను విననివ్వండి. మీ ముగ్గురి మధ్య ఆ కిల్టు ఎవరిదో తేలిపోతుంది. కొత్తది కుట్టించడమే తేలితే అక్కడికక్కడే కొలతలు ఇచ్చేయండి. "దాన్ని కోసి సరిచేయించుకో, అది నీదే" అని మామగారే బావమరిది ముందు అంటే, అప్పుడు నిశ్చింతగా పైనుంచి తగ్గించే పని ఒప్పజెప్పండి. గడువు ఎంతో మాత్రం ముందే అడగండి.

ఆగస్టు గురించి ఒక మాట. విజయవాడలో పెళ్లికొడుకుని పదిహేను రోజులు పదిమంది ఇళ్లలో భోజనానికి పిలుస్తారు. కొలత ఇప్పుడే ఇచ్చి వెళ్లండి, కానీ మేకరును పట్టీలు మధ్య చిల్లుకు వచ్చేలా కుట్టమనండి. అటో అంగుళం ఇటో అంగుళం తేడా వచ్చినా చిల్లు మార్చుకుంటే సరిపోతుంది. సెప్టెంబరు చివర్లో, బూట్లూ మేజోళ్లూ జాకెట్టూ అన్నీ వేసుకుని ఒకసారి పూర్తిగా కట్టి చూసుకోండి. బకిల్సు జరపాల్సి వస్తే ఇంకా నాలుగు వారాలు చేతిలో ఉంటాయి.